రక్తము పలుకు సాక్ష్యము

మా మర్రిపాడు మెట్టసీమ. ఒకవంక ఉదయగిరి దుర్గము, మరియొకవంక ఆత్మకూరు. వేసవి వచ్చినచో ఎండ నిప్పులు చెరుగును. ఈ సీమలో ఎవరికి కీళ్ళు నొచ్చినను "నీళ్ళు మంచివి కావు" అనుట పరిపాటి. అందు నిజము లేకపోలేదు. నీటియందలి ఫ్లోరైడు మితిమీరి ఎముకలు బిరుసెక్కు వ్యాధిని గూర్చి 1937వ సంవత్సరముననే వైద్యులు మన నెల్లూరు జిల్లా గ్రామములను పరీక్షించి వ్రాసియున్నారు. కాని ప్రతి నొప్పికిని నీటినే దోషిగా నిలిపినందువలన ఒక పడుచుపిల్లకు ఎంత ముప్పు వాటిల్లెనో నేను కన్నులార చూచితిని. ఆ ముప్పు పేరు లూపస్. అది చాప క్రింది నీరువలె ప్రాకు వ్యాధి. దాని రాకపోకలను రక్తములోని కొన్ని మాంసకృత్తులను కొలిచి వైద్యులు ఎట్లు కనిపెట్టుదురో, ఆ లెక్కలను ఇంటి ఆడువారు ఎంతవరకు నమ్మవలయునో నాకు తెలిసినంత మీకు విన్నవింతును.

ఆ పిల్ల మా పెదతల్లి కూతురి కూతురు. నన్ను "పిన్నీ" యని పిలుచును. మా యూరి యింటికే కోడలుగా వచ్చినది. ఇరువది రెండవయేట వ్రేళ్ళ కీళ్ళు వాచి, తెల్లవారి లేచి చెంబు పట్టుకొనలేకుండెను. తలవెండ్రుకలు దువ్వెనకు గుత్తులుగా వచ్చుచుండెను. నోటిలో పుండ్లు. సాయంకాలమగునప్పటికి ఒళ్ళు వెచ్చన. చేనికి పోయి వచ్చిన దినమున రెండు బుగ్గలును ముక్కు దూలమును ఎఱ్ఱగా కంది, సీతాకోకచిలుక రెక్కలు విప్పి వ్రాలినట్లుండెడిది. "ఎండ తగిలినది" అని యొకరు, "నీటి దోషము" అని మరియొకరు, "దృష్టి" అని వేరొకరు. ఊరిలో సూదిమందు వేయునతడు నొప్పులకు సూదులు పొడిచి పంపెను. ఎనిమిది మాసములు ఇట్లు గడచినవి. ఒకనాడు పాదములు వాచినవి; మూత్రము నురుగు కట్టుచున్నదని ఆ పిల్ల సిగ్గుపడుచు నా చెవిలో చెప్పెను. ఆ మాట వినగానే మా యింటివారు బడికి సెలవు పెట్టి, పిల్లను, దాని మగనిని వెంటబెట్టుకొని తిరుపతికి పోయిరి. అక్కడ వ్యాధి పేరు తెలిసెను.

ఈ వ్యాధి యెట్టిది?

లూపస్ అనగా లాటిను భాషలో తోడేలు. ముఖమున పడు పుండ్లు తోడేలు కఱచినట్లున్నవని పూర్వకాలపు ఐరోపా వైద్యులు ఆ పేరు పెట్టిరి. ఇది చర్మమునకు మాత్రము పట్టు రోగము కాదనియు, లోపలి అవయవములను గూడ బాధించుననియు 1872లో వియన్నా నగర వైద్యుడు కపోసి వివరించెను. ఈ వ్యాధి వచ్చువారిలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు. అందులోను అధికులు పిల్లలను కను వయసువారు. కావున ఇది ముఖ్యముగా మన యాడువారు తెలిసికొనదగిన సంగతి.

మన శరీరమునందు సూక్ష్మజీవులను ఎదిరించుటకై ఒక సైన్యమున్నది. ఆ సైన్యము శత్రువును విడిచి తన వారిపైననే విరుచుకొనిపడుట ఈ వ్యాధికి మూలము. మన నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించిన భారతమున మౌసలపర్వము చదివినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. బయటి శత్రువెవ్వడును లేకయే యాదవులు సముద్రతీరమున తమలో తాము కలహించి, చేతికందిన తుంగను పెరికి ఒకరినొకరు కొట్టుకొని నశించిరి గదా. లూపస్ వ్యాధిలో శరీరము తన జీవకణములలోని డీ.ఎన్.ఏ. అను పదార్థమునే పగగా నెంచి, దానిపై ప్రతిరక్షకములను పుట్టించును. ఆ ప్రతిరక్షకములు తమ గుఱితో ముడివడి, రక్తములో తిరుగుచు, మూత్రపిండములందును, చర్మమునందును, కీళ్ళయందును చిక్కుకొని అక్కడ మంట పుట్టించును.

రక్తములో దేనిని కొలుతురు?

ఆ పోరాటమునకు ఆయుధములు కావలయును. అవి రక్తములో సిద్ధముగా తిరుగుచుండు కొన్ని మాంసకృత్తులు. వీనిని కాంప్లిమెంటు ప్రోటీనులందురు. ప్రతిరక్షకములకు తోడుపడి శత్రువును కూల్చును గనుక ఆ పేరు వచ్చినది. వీని పనిని కనిపెట్టిన జూల్ బోర్డె అను బెల్జియము దేశీయునకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. వీనిలో సి-3, సి-4 అను రెండింటిని నేడు అన్ని పెద్ద పరీక్షాశాలలలోను కొలుచుచున్నారు.

యాదవుల యుద్ధమును దూరమునుండి చూచు నావికుడొక్కడున్నాడనుకొనుడు. వానికి కేకలు వినబడవు, మనుష్యులు కనబడరు. తీరముననున్న తుంగ మాత్రము కనబడును. తుంగ పలచబడిన కొలది పోరు ముదిరినదని వాడు గ్రహింపగలడు. లూపస్ వ్యాధి ఉద్రేకించినప్పుడు సి-3, సి-4 లు ఆ పోరులో ఖర్చయిపోవును. కాలేయము వానిని మరల మరల తయారుచేయుచునే యుండును గాని, ఖర్చు వేగమును అందుకొనజాలదు. కావున రక్తములో వాని మొత్తము తగ్గును. వ్యాధి చల్లారినచో తుంగ మరల మొలచినట్లు అవి పెరుగును. ఆరోగ్యవంతులకు సి-3 నూరు మిల్లీలీటర్ల రక్తద్రవమునకు సుమారు 90 మొదలు 180 మిల్లీగ్రాములవరకును, సి-4 సుమారు 10 మొదలు 40 వరకును ఉండును. పరీక్షాశాలను బట్టి ఈ హద్దులు కొంచెము మారును. మా పిల్లకు మొదటి పరీక్షలో సి-3 నలుబది యెనిమిది, సి-4 ఆరు మాత్రమే యుండెను.

రెండవ సాక్షి డీ.ఎన్.ఏ. పైని ప్రతిరక్షకము. ఇది 1957లో తెలియవచ్చినది. వ్యాధి ముదిరినప్పుడు, విశేషించి మూత్రపిండములకు సోకినప్పుడు, ఇది పెరుగును. ఒకటి పెరుగుచు, ఒకటి తరుగుచు, రెండును కలసి చెప్పు సాక్ష్యము ఒంటి సాక్ష్యముకన్న బలమైనది. ఇక్కడ ఒక మెలకువ. ఏ.ఎన్.ఏ. అని వేరొక పరీక్ష కలదు. అది వ్యాధిని మొదట గుర్తించుటకు పనికివచ్చునే గాని దాని హెచ్చుతగ్గులను తెలుపదు. ఒకసారి తేలినపిమ్మట దానిని మాటిమాటికి చేయించుట డబ్బు దండుగ.

మూడవది సి.ఆర్.పి. అను మాంసకృత్తు. 1930లో కనుగొనబడినది. సూక్ష్మజీవులవలన జ్వరము వచ్చినప్పుడు ఇది మిక్కిలి పెరుగును. లూపస్ ఉద్రేకమున సాధారణముగా అంతగా పెరుగదు. రొమ్ములోని పొరలు వాచినప్పుడో కీళ్ళు బాగుగా వాచినప్పుడో మాత్రము కొంత పెరుగవచ్చును. జ్వరము తోడేలుదా, క్రిమిదా యని విడమరచుటకు ఇది సాయపడును. నాలుగవది ఆల్బుమిను. మూత్రపిండములు చెడి మాంసకృత్తు మూత్రములో కారిపోయినప్పుడు రక్తములో ఇది తగ్గి, పాదములు, ముఖము వాచును. అందువలననే రక్తముతోపాటు మూత్రమును గూడ పరీక్షింపవలయును. దినమునకు అరగ్రాముకన్న ఎక్కువ మాంసకృత్తు మూత్రములో పోవుచున్నచో వైద్యులు ఉపేక్షింపరు. మూత్రపిండమునుండి సూదితో చిన్న తునక తీసి చూతురు.

రక్తమును కొలుచు ఈ విద్యలో మన తెలుగువానికిని పాలు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో చదువుచు, రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని తన గురువు ఫిస్కీతో కూడ 1925లో ప్రకటించిరి. తరువాత ఆయన పెద్దగానుండిన లెడర్లీ ప్రయోగశాలలో పుట్టిన మెథోట్రెక్సేటు అను మందును నేటికిని లూపస్ రోగుల కీళ్ళ వాపులకు వైద్యులు వాడుచున్నారు.

మార్కుల పుస్తకము

చికిత్స మొదలైన ఆరు మాసములకు మా పిల్ల ముఖమున కళ తిరిగివచ్చెను. సి-3 తొంబదిరెండునకు, సి-4 పదునేడునకు ఎక్కెను. మూత్రమున నురుగు పోయెను. ఇంతలో వేరొక చిక్కు వచ్చినది. ఈ మారు వారు నెల్లూరిలో వేరొక పరీక్షాశాలకు పోయిరి. రిపోర్టులో సి-3 ఎదుట 0.88 అని యున్నది. "తొంబదిరెండు ఒకటికి లోపల పడిపోయెనే" యని అత్తగారు వాకిట కూలబడి యేడ్చెను. మా యింటివారు కాగితము తెప్పించి చూచి నవ్విరి. మొదటిది మిల్లీగ్రాముల లెక్క. రెండవది లీటరుకు గ్రాముల లెక్క. 0.88 అనగా ఎనుబది యెనిమిదియే. శేరుకు, తులమునకు భేదము తెలియక కొట్లో తగవులాడినట్లయినది. కావున కొలత పేరును చూడక అంకెను మాత్రము చదువరాదు. వీలయినంతవరకు ఒక్క పరీక్షాశాలలోనే చేయించుట మంచిది.

ఆ దినమున మా యింటివారు నలుబది పుటల నోటుపుస్తకమొకటి తెచ్చి, గీతలు గీచి, తేది, సి-3, సి-4, ప్రతిరక్షకము, సి.ఆర్.పి., మూత్రములోని మాంసకృత్తు, రక్తపుపోటు అని గడులు వేసి ఆ పిల్ల చేతికిచ్చిరి. "బడిలో ఒక్క పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినంతమాత్రమున పిల్లవాడు మందబుద్ధియని నేను వ్రాయను. మూడు పరీక్షలలో వరుసగా జారినచో తండ్రిని పిలిపింతును. దీనికిని అదే నీతి" అనిరి. వైద్యులును ఇట్లే చెప్పుదురు. ఒక్క అంకెకన్న అంకెల నడక ముఖ్యము. కొందరికి పుట్టుకతోనే సి-4 తక్కువగా నుండును. అది వ్యాధి లక్షణము కాదు. క్రిమిజ్వరములో సి-3 కొంచెము పెరిగి, లోపలి తరుగును కప్పిపుచ్చవచ్చును. ఎవరి రక్తమునకు వారి అలవాటు వేరు. దానిని పోల్చి చూచుటకు పాత కాగితములే ఆధారము.

ఆ పుస్తకమే తరువాత ఆ పిల్లను కాపాడెను. సంవత్సరము తిరుగునప్పటికి ఒంటికి సుఖముగా నున్నది. పెండ్లియై నాలుగేండ్లయినను కడుపు పండలేదని ఇంట గుసగుసలు బయలుదేరినవి. "ఇన్ని బిళ్ళలు మ్రింగిన కడుపున బిడ్డ నిలుచునా?" అని అత్తగారు అనెను. ఆ తల్లిని నేను తప్పుపట్టను; ఆమెకు తెలిసినది అంతే. పిల్ల ఎవ్వరికిని చెప్పక మందులు మానివేసెను. పని చేసికొనుచునే యున్నది, నవ్వుచునే యున్నది. అయినను పుస్తకములో సి-3 తొంబదిరెండునుండి ఎనుబదియొకటికి, అటుపిమ్మట అరువదియారునకు దిగెను, ప్రతిరక్షకము పెరిగెను, మూత్రములో మాంసకృత్తు మరల కనబడెను. పైకి నొప్పి లేదు, వాపు లేదు. మూత్రపిండముల వ్యాధి యిట్టిదే. చెడువరకు నోరు మెదపదు. తిరుపతి వైద్యులు ఆ మూడు వరుసలను ఒకచోట చూచి వెంటనే తునక తీసి పరీక్షించిరి. లోపల మంట రగులుచునేయున్నది. మందులు మరల మొదలుపెట్టిరి. ఇంక కొన్ని మాసములు ఊరకున్నచో మూత్రపిండములు కోలుకొనలేకుండెడివని వారు చెప్పినప్పుడు నా కాళ్ళు వణకినవి.

ఇంకొక మారు దీనికి విపరీతమైన సంగతి జరిగెను. పిల్లకు నూట మూడు డిగ్రీల జ్వరము. పాత వ్యాధియే తిరుగబడినదని ఇంటివారు తలచి, ఊరిలోని వాని మాటపై స్టీరాయిడు బిళ్ళలు రెండింతలు చేయబోయిరి. నేను అడ్డుపడి నెల్లూరికి పంపితిని. సి-3 తొంబదియెనిమిది, తన స్థానమున తానున్నది. సి.ఆర్.పి. మాత్రము లీటరుకు నూట యిరువది మిల్లీగ్రాములు. ఆరోగ్యవంతులకది పదికి లోపుగా నుండును. మూత్రమార్గమున క్రిమి చేరియున్నది. క్రిమికి మందిచ్చినంతనే నాలుగు దినములలో జ్వరము తగ్గెను. స్టీరాయిడు పెంచియున్నచో శరీరపు కాపుదల తగ్గి క్రిమి విజృంభించెడిది. ఒకే జ్వరమునకు రెండు వేర్వేరు దారులు. ఏ దారియో రక్తము చెప్పినది.

అంకెలకును హద్దు కలదు

అయినను ఈ పరీక్షలే సర్వమని తలపరాదు. కొందరికి సి-3 తక్కువగాను, ప్రతిరక్షకము ఎక్కువగాను ఏండ్ల తరబడి యున్నను ఒంట వ్యాధి కనబడదు. అట్టివారికి వైద్యులు అంకెను చూచి మందు పోయరు, దగ్గరగా కనిపెట్టియుందురు. మరికొందరికి అంకెలు చక్కగానుండగనే చర్మమో కీళ్ళో బాధించును. అందువలన పెద్దవైద్యులు అన్నిటిని కూడి లెక్కించు పట్టికలు ఏర్పరచుకొనిరి. కెనడా దేశపు టొరాంటో నగరమున రూపొంది, 1992లో ప్రకటింపబడిన పట్టికలో ఇరువదినాలుగు అంశములున్నవి. మూర్ఛ వచ్చినచో ఎనిమిది మార్కులు, కీళ్ళ వాపునకు నాలుగు, మూత్రములో మాంసకృత్తునకు నాలుగు, కాంప్లిమెంటు తగ్గినచో రెండు, ప్రతిరక్షకము పెరిగినచో రెండు, జ్వరమునకు ఒకటి. మొత్తము నూటయైదు. రక్తపు సాక్ష్యమునకు అందు ఎంత విలువయో ఆ మార్కులే చెప్పుచున్నవి. రోగి ఒళ్ళు చూడక, మాట వినక, కాగితము మాత్రము చూచి తీర్పు చెప్పుట తగదు.

గర్భిణీ స్త్రీల విషయమున మరింత మెలకువ వలయును. గర్భమున కాలేయము కాంప్లిమెంటును ఎక్కువగా తయారుచేయును; కావున సి-3 సహజముగనే పెరుగవలయును. పెరుగవలసినది పెరుగక మామూలు హద్దులో నిలిచినను, క్రమముగా దిగుచున్నను వైద్యులు అనుమానింతురు. వ్యాధి కనీసము ఆరు మాసములు చల్లారియున్న పిమ్మటనే గర్భము ధరింపవలయునని వారి సలహా. మెథోట్రెక్సేటు, మైకోఫినోలేటు వంటి మందులు గర్భమున పనికిరావు గనుక ముందుగా మార్పింపవలయును. హైడ్రాక్సీక్లోరోక్విను అను మందును మాత్రము గర్భమునందును మానరాదు. అది మొదట చలిజ్వరపు మందు. లూపస్ వ్యాధికి నేడు అందరికిని ఇచ్చు మూలౌషధము. దానిని ఏండ్ల తరబడి వాడువారు కంటి వైద్యునికి చూపించుకొనుచుండవలయును. మందులు మానినందువలన వ్యాధి తిరుగబడి కాన్పు చెడుట, మందులు వాడుచు కాన్పు చెడుటకన్న ఎక్కువని అత్తగారలు గ్రహించినచో ఎందరో కోడండ్రు బ్రదుకుదురు.

సోదరీమణులారా! ఇంట ఏ పడుచుకైన నెలలు గడచినను తగ్గని కీళ్ళవాపు, ఎండకు కందు ముఖము, నోటిపుండ్లు, ఊడు జుట్టు, నురుగు మూత్రము, వీనిలో రెండు మూడు కలసి కనబడినచో నీటిని నిందించి ఊరకుండకుడు. వ్యాధి తేలినపిమ్మట వైద్యుడు చెప్పిన గడువునకు పరీక్షలు చేయింపుడు, కాగితములు పారవేయకుడు, ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. ఎండలో పనికి పోవలసివచ్చినచో తల, చేతులు కప్పుకొనుడు. జ్వరము వచ్చినచో సొంతముగా బిళ్ళలు పెంచకుడు, తగ్గింపకుడు. ఈ పరీక్షల ఖర్చు బీదయింటికి భారమే. కాని మూత్రపిండములు పోయినపిమ్మట రక్తము వడగట్టించు భారము దానికి ఎన్నో మడుగులు. 1950 ప్రాంతమున ఈ వ్యాధిగ్రస్తులలో సగముమంది నాలుగైదేండ్లకే మరణించుచుండిరి. నేడు మంచి వైద్యము అందినచోట పదిమందిలో తొమ్మిదిమంది పదియేండ్లు దాటి బ్రదుకుచున్నారు.

మా పిల్లకు ఇప్పుడు ఎనిమిది మాసములుగా అంకెలు నిలకడగా నున్నవి. గర్భమునకు అడ్డములేని మందు మార్చి, ఇంక బిడ్డ నాశింపవచ్చునని వైద్యులు సెలవిచ్చిరి. మొన్న నేను వారింటికి పోయినప్పుడు ఆ నోటుపుస్తకము దేవుని గూటిలో కుంకుమభరిణె ప్రక్కన ఉండుట చూచితిని. అక్కడ పెట్టినది ఎవరని యడిగితిని.

"నేనే అమ్మణ్ణీ! పిల్లది ఎక్కడనో పారవేయునని భయము. పై నెల పరీక్షకు నేనుకూడ పోవుదును" అని అత్తగారు చెప్పినది.